సింట్రా కొండ, సోమనాథ్ రాయి

అక్టోబర్ 14, సోమవారం: లిస్బన్

2024లో సద్దుల బతుకమ్మ అక్టోబర్ 10న, దసరా 12న వచ్చాయి. జమ్మి ఆకు పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టి దండం పెట్టుకున్న మరునాడే మేము హన్మకొండ నుంచి బయలుదేరాము. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి రెండేళ్ళుగా రమ్మని పోరుతున్నా, "బతుకమ్మ ఆడకుండ నేను ఏ దేశం రాను" అని మా ఆవిడ పెట్టిన షరతు వల్ల ప్రయాణం ఇప్పటికి కుదిరింది. ఆమె చేతిసంచిలో రెండు స్టీలు డబ్బాలున్నాయి. ఒకదానిలో మలీద ముద్దలు, రెండో దానిలో గట్టిగా కాల్చిన సర్వపిండి. దారి పొడవునా బట్టల పెట్టెల కన్నా వాటి మీదే ఆమెకు ధ్యాస ఎక్కువగా ఉండింది.

లిస్బన్ అంతా ఎత్తుపల్లాలే. కాలిబాటల మీద పరిచిన చిన్న చిన్న తెల్ల రాళ్ళు జనం నడిచి నడిచి అద్దంలా నున్నబడ్డాయి. చినుకు పడితే వాటి మీద నిలబడడమే ఒక విద్య. అబ్బాయి ఉండే ఇంటికి చేరడానికి మూడు మలుపుల మెట్లెక్కే సరికే మా ఆవిడ మోకాలు పట్టుకుని కూర్చుంది. ఆ రాత్రి వాడు చెప్పాడు: "బాపూ, రేపు సింట్రాకు బండి మాట్లాడిన. గైడే నడుపుతది. పొద్దున తొమ్మిదింటికల్ల వస్తది, రాత్రి దించిపోతది."

ఎంత అని అడిగాను. టికెట్లు, భోజనాలు కాక 320 యూరోలన్నాడు. ఆనాటి మారకంలో దాదాపు 29 వేల రూపాయలు. హన్మకొండలో కారు మాట్లాడుకుని రామప్ప, లక్నవరం చూసి చీకటి పడే వేళకు ఇంటికి చేరడానికి నాలుగు వేలు అడిగితే బేరమాడే మనిషిని నేను. లిస్బన్‌లోని రోసియు స్టేషన్ నుంచి, పక్కనున్న కొండ ఊరు సింట్రాకు నలభై నిమిషాల్లో చేర్చే రైలుందని చదివి వచ్చాను కనుక ఆ సంగతి ఎత్తబోయాను. "రైలు ఊళ్ళె దించుతది బాపూ, కోటలు కొండ మీద ఉంటయి. అమ్మ మోకాలు చూసి మాట్లాడు" అన్నాడు. నేను మాట్లాడలేదు.

అక్టోబర్ 15, మంగళవారం: బండిలో

గైడ్ నలభై దాటిన స్త్రీ. బండి దిగుతూనే నవ్వుతూ వచ్చి మా ఆవిడ భుజాలు పట్టుకుని ఒక చెంపకు, వెంటనే రెండో చెంపకు తన చెంప ఆనించింది. అక్కడి ఆడవాళ్ళు పరిచయమైన క్షణంలోనే అలా పలకరించుకుంటారు. మా ఆవిడ అప్పటికే రెండు చేతులూ జోడించి ఉండడం వల్ల ఆ దండం ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయింది. ఆ తరువాత రోజంతా వాళ్ళిద్దరూ తలొక భాషలో మాట్లాడుకున్నారు, ఒకరి మాట ఒకరికి అర్థం కానట్టు మాత్రం నాకు ఎక్కడా అనిపించలేదు.

నేను ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాడినని అబ్బాయి పరిచయం చేశాడు. ఆమె బండి తాళంచెవి పైకెత్తి చూపించి, "దీన్ని మేము శావ్ అంటాం, మీరు?" అని అడిగింది. మా వైపు దాన్ని చావి అంటారన్నాను. అక్కడితో మొదలైంది. బొత్తాం, తువ్వాలు, మేస్త్రి, అల్మారా, అనాస, బాల్చీ: ఒక్కొక్క మాటా నేను తెలుగులో చెప్పడం, ఆమె దాని పోర్చుగీసు తల్లిని అప్పజెప్పడం. తెలిసిన సంగతే అయినా, తరగతి గదిలో నల్లబల్ల మీద రాసిన జాబితా స్టీరింగు పట్టుకున్న మనిషి నోట వినడం వేరు. "వేలం" అన్నాను. "లెయ్‌లావ్!" అని ఆమె సంబరంగా వెనక్కి తిరిగింది. తిరిగే సరికి కొండ మీదికి పోవలసిన మలుపు దాటిపోయింది.

ఆ కొండ దారి ఒకే వైపుకు నడిచే దారి. ఒక్క మలుపు తప్పితే వెనక్కి తిప్పే వీలు లేదు, కొండ చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికే రావాలి. ఆమె అరచేత్తో నుదురు కొట్టుకుంది. పెనా ప్యాలెస్‌లోకి టికెట్ మీద వేసిన వేళకే పోవాలి, వేళ మించితే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. మాకు 10 గంటలని చెప్పి ఉన్నారు. ఇరవై నిమిషాల పాటు నాచు పట్టిన గోడల మధ్య, ఒక బండికి మాత్రమే సరిపోయే సందుల్లో తిరుగుతుంటే నేను గడియారం చూసుకోవడం, అబ్బాయి నన్ను చూడడం, ఎవరూ మాట్లాడకపోవడం. గేటు దగ్గర దిగేసరికి 9:55. అక్కడి నుంచి ప్యాలెస్ గుమ్మానికి అరగంట ఎక్కుడు. అప్పుడు ఆమె టికెట్లు తీసి చూపించింది. వాటి మీద 10:30 అని ఉంది. యాత్రికులకు ఎప్పుడూ అరగంట ముందు వేళే చెబుతానంది. మన పెండ్లి పత్రికల్లో ముహూర్తం వేసే పద్ధతి పోర్చుగల్‌లో కూడా ఉందని అలా తెలిసింది.

పెనా

గేటు నుంచి పైకి తీసుకుపోయే చిన్న బస్సు ఎక్కాము. పైన దిగితే ప్యాలెస్ లేదు, మబ్బు ఉంది. సముద్రపు గాలి ఈ కొండకు తగిలి మంచుగా మారుతుందని, కింద లిస్బన్‌లో ఎండ కాస్తున్నా ఇక్కడ ఇలాగే ఉంటుందని గైడ్ చెప్పింది. మనిషికి 20 యూరోలు పెట్టి మబ్బులో నిలబడ్డాము. "గింత దూరం వచ్చి మబ్బు చూస్తున్నం" అంది మా ఆవిడ. పది నిమిషాలు గడిచాక ఒక పక్క తెర జరిగింది. మొదట పసుపు పచ్చని గుమ్మటం, తరువాత ఎర్రని గడియారపు గోపురం, వాటి మధ్య నీలి పలకలు తాపిన గోడ. దూరం నుంచి చూస్తే పెండ్లికి రంగులు వేసిన ఇల్లే.

కట్టిన కథ మాత్రం రంగుల కన్నా బాగుంది. మొదటి మనుయెల్ రాజు పదహారో శతాబ్దం తొలినాళ్ళలో ఈ శిఖరం మీద సన్యాసులకు ఒక మఠం కట్టించాడు. 1755 నాటి మహా భూకంపంలో మఠం చాలా వరకు కూలింది, ప్రార్థన మందిరం మిగిలింది. 1834లో పోర్చుగల్ ప్రభుత్వం మఠాలను రద్దు చేసి ఆస్తులను స్వాధీనం చేసుకుంది. నాలుగేళ్ళ తరువాత, 1838లో, ఈ శిథిలాన్ని వేలంలో పాడుకున్నవాడు ఫెర్నాండో. (గైడ్ వేలం అన్న మాటను తెలుగులోనే పలికి నా వైపు చూసింది.) జర్మన్ రాజవంశం నుంచి వచ్చి రెండవ మరియా రాణిని పెండ్లాడిన ఇల్లరికపు రాకుమారుడు. కట్టడం బాధ్యత అప్పగించింది ఎష్వెగె అనే గనుల ఇంజనీరుకు. మఠం మిగిలిన భాగం ఎరుపు, కొత్తగా కట్టినది పసుపు. కొన్ని దశాబ్దాల పాటు ఈ రంగులు వెలిసి ప్యాలెస్ అంతా బూడిద రంగులో ఉండిందని, 1990ల్లో మళ్ళీ వేశారని, అప్పుడు ఊళ్ళో వాళ్ళే గుర్తుపట్టలేక గొడవ పడ్డారని గైడ్ చెప్పింది.

ముంగిట ఒక కమాను ఉంది. దాని మీద సగం మనిషి, సగం చేప అయిన ఒక ఆకారం ఆల్చిప్ప మీద కూర్చుని ఉంటుంది. కాళ్ళ బదులు పొలుసుల తోకలు రెండు. తల మీది వెంట్రుకలు కొమ్మలుగా మారి పైనున్న కిటికీని మోస్తున్నాయి. మొహంలో కోపం కన్నా అలసట ఎక్కువ. మోస్తున్న బరువు ఇంకెంత కాలమని అడుగుతున్నట్టుంది. దాని కింద ఆగి ఎంతసేపైనా చూడవచ్చు కాని వెనుక వరుస ఆగదు. లోపల గదుల్లో ఒకరి వెనుక ఒకరుగా, మేడారం జాతర గద్దెల దగ్గర కదిలినట్టు కదులుతాము. నిలబడితే వెనుకవాళ్ళ కెమెరా వీపుకు తగులుతుంది.

రాజుల గదులు నాకు పెద్దగా పట్టలేదు. 1910 అక్టోబర్ 5న గణతంత్రం ప్రకటించినప్పుడు అమేలియా రాణి ఇక్కడి నుంచే దేశం విడిచి వెళ్ళడానికి బయలుదేరిందట. అప్పుడెలా ఉన్నాయో అలాగే మంచాలు, అద్దాలు, టీ కప్పులు సర్ది ఉంచారు. మా ఆవిడ మాత్రం వంటగదిలో ఆగిపోయింది. గోడ పొడవునా రాగి గంగాళాలు, గుండిగలు, బగోనెలు. ప్రతి ఒక్కటీ తళతళలాడుతున్నాయి. "చింతపండు లేని దేశంలో వీటిని దేనితోని తోముతరో అడుగు" అంది. అడిగాను. తన అమ్మమ్మ నిమ్మ చెక్క, ఉప్పు పట్టించేదని గైడ్ అభినయించి చూపించింది. ఆ తోమే చెయ్యి తిప్పడం రెండు దేశాల్లోనూ ఒక్కటే.

బయట రాణి డాబా మీద ఒక నీడ గడియారం, దానికి బిగించిన చిన్న ఫిరంగి ఉన్నాయి. మిట్ట మధ్యాహ్నం ఎండ నెత్తికి రాగానే మందు అంటుకుని పేలే ఏర్పాటు. ఆ డాబా నుంచి ఎదుటి గుట్ట మీద మూర్‌ల కోట గోడ కనిపించింది. ఉత్తర ఆఫ్రికా ముస్లింలు ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో కట్టినది. 1147లో అఫోన్సు హెన్రికెష్ లిస్బన్‌ను గెలిచిన తరువాత యుద్ధం లేకుండానే లొంగింది. రంగు లేదు, గుమ్మటం లేదు, బండరాళ్ళను పట్టుకుని పైకి కిందికి పాకుతున్న రాతి గోడ మాత్రమే ఉంది. ఓరుగల్లు కోట చుట్టూ సైకిల్ మీద తిరిగి పెరిగినవాడిని కనుక కావచ్చు, నా కండ్లు అటే పోయాయి. గట్టిగా చెప్పాలంటే, పసుపు ఎరుపుల పెనా కన్నా ఆ గోడ వెయ్యి రెట్లు నయం. మా అబ్బాయి ఒప్పుకోలేదు.

సింట్రా ఊరు

ఊళ్ళో దిగితే ముందుగా కనిపించేవి పాత రాజభవనం వంటింటి పొగగొట్టాలు. బోర్లించిన గరాటాల్లాంటి తెల్లని జంట శంకువులు, ఒక్కొక్కటి 33 మీటర్ల ఎత్తు. లోపలికి వెళ్ళే వేళ లేదు. గైడ్ మమ్మల్ని ఒక సందులోని మిఠాయి దుకాణానికి తీసుకుపోయి త్రవెస్సెయిరు తెప్పించింది. ఆ మాటకు తలగడ అని అర్థం. పొరలు పొరలుగా కాల్చిన పిండి లోపల బాదం ముద్ద, పైన పంచదార. వేడిగా ఉన్నప్పుడు కొరికితే పొరలు చొక్కా నిండా రాలుతాయి. మా ఆవిడ సగం తిని, "మన బాదం హల్వ తీరుగనే ఉన్నది, కని ఇంత పసుపు రంగెట్ల వచ్చింది?" అని అడిగింది.

గుడ్డు సొన వల్ల. ఆ దేశంలో సంప్రదాయ మిఠాయిలు చాలా వరకు గుడ్డు సొనలతోనే చేస్తారు. పూర్వం సన్యాసినుల మఠాల్లో బట్టలకు గంజి బదులు తెల్లసొన పెట్టేవారని, మిగిలిపోయిన పచ్చసొనలతో ఏం చేయాలో తోచక ఈ మిఠాయిలన్నీ పుట్టాయని గైడ్ ఉత్సాహంగా చెప్పుకుపోతున్నది. మా ఆవిడ మొహం చూసి ఆగింది. మంగళవారం మా ఆవిడ నీసు ముట్టదు, గుడ్డు కూడా ముట్టదు. ఒక్క క్షణం పైకి చూసి, "తెలువక తిన్నదానికి దోషం లేదు" అని తీర్పు చెప్పుకుని మిగిలిన సగం నా పళ్ళెంలో పెట్టింది. ఒక్కొక్కటి రెండు యూరోలకు లోపే. ఆ రోజు ఖర్చుల్లో నాకు నొప్పి కలిగించనిది అదొక్కటే.

పెన్యా వెర్దె గేటు

తరువాత ఎక్కడికన్న విషయంలో చిన్న వాదన జరిగింది. అందరూ రెగలెయ్‌రా తోటకు పోతారు. అక్కడ భూమిలోకి 27 మీటర్లు దిగే మెట్ల బావి ఉంది, ఫోటోలు బాగా వస్తాయి. మా అబ్బాయి మనసు దాని మీదే ఉంది. మెట్లబావుల దేశం నుంచి వచ్చి, మోకాలి నొప్పితో మెట్ల బావి దిగడమెందుకన్నది నా వాదన. అసలు కారణం వేరే ఉంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఎపిగ్రాఫియా ఇండికా మొదటి సంపుటం తిరగేస్తూ "సింట్రా ప్రశస్తి" అన్న శీర్షిక చూసి ఆగాను. జర్మన్ పండితుడు బ్యూలర్ ప్రచురించిన సంస్కృత శాసనం అది. సింట్రా ఎక్కడో గుజరాత్‌లో ఉందనుకున్నాను. తీరా చదివితే, సోమనాథ్‌లో చెక్కిన రాయిని పోర్చుగల్‌కు ఎత్తుకుపోయి ఒక తోటలో పెట్టుకున్నారని ఉంది. ఆ తోట పేరు పెన్యా వెర్దె. మేము తరువాత చూడవలసిన మొన్సెరాట్ భవనానికి పోయే దారిలోనే ఉంది.

గైడ్‌కు శాసనం సంగతి తెలియదు కాని తోట యజమాని సంగతి బాగా తెలుసు. జువావ్ ద కాస్ట్రో, పదహారో శతాబ్దంలో గోవా నుంచి పోర్చుగీసు ఇండియాను ఏలినవాడు, 1548లో గోవాలోనే పోయినవాడు. డయ్యూ కోటను తిరిగి కట్టించడానికి డబ్బు చాలక గోవా పౌరులను అప్పు అడుగుతూ తన గడ్డం వెంట్రుకలను తాకట్టుగా పంపాడని వాళ్ళ పిల్లలు బడిలో చదువుకుంటారట. మీసం వెంట్రుక తాకట్టు పెట్టి అప్పు తెచ్చిన షావుకార్ల కథలు మా నాయనమ్మ చెప్పేదని నేనన్నాను. పరువు తాకట్టు పెట్టడానికి వాళ్ళు గడ్డం, మనం మీసం.

బండి ఒక మలుపులో ఆగింది. నాచు పట్టిన ఎత్తైన గోడ, పైనుంచి వేలాడుతున్న ఐవీ తీగ, మూసి ఉన్న గేటు. అది ఇప్పటికీ సొంత ఆస్తే, లోపలికి రానివ్వరు. వెనుక వచ్చే బండ్లకు అడ్డం కాకుండా పది నిమిషాల కన్నా ఆగలేమంది గైడ్. ఆ పది నిమిషాలూ నేను గోడ పక్కన నిలబడ్డాను.

ఆ శాసనం గుజరాత్‌ను ఏలిన వాఘేలా రాజు సారంగదేవుడి కాలం నాటిది, విక్రమ సంవత్ 1343, అంటే 1287. ఆ ఏడు ఓరుగల్లును రుద్రమదేవి ఏలుతున్నది. ఆమె మరణాన్ని చెప్పే చందుపట్ల శాసనం ఇంకో రెండేళ్ళకు గాని పుట్టదు. శాసనంలో పొగిడింది త్రిపురాంతకుడనే పాశుపత శైవ గురువును. పేరు వింటేనే మన శ్రీశైలం తూర్పు వాకిలి త్రిపురాంతకం గుర్తుకు వస్తుంది. ఆయన కేదారం నుంచి రామేశ్వరం దాకా తీర్థాలు తిరిగి, చివరికి సోమనాథ్ చేరి అక్కడ ఐదు గుళ్ళు కట్టించాడు. ఆయన తిరిగిన తీర్థాల్లో శ్రీపర్వతం, అంటే శ్రీశైలం, ఉంది, గోదావరి కూడా ఉంది. మా వైపు కాలిబాటల మీద నడిచిన ఒక మనిషి యాత్రా కథనాన్ని ఓడలో ఎత్తుకొచ్చి అట్లాంటిక్ పక్కన ఒక తోటలో అలంకారంగా పెట్టుకున్నారు. చదవగలిగిన వాడు ఆ ఇంట్లో ఒక్కడైనా ఉండి ఉండడు.

"ఏం కనపడుతున్నది ఆ గోడకు?" అని బండిలో నుంచి మా ఆవిడ అడిగింది. నాచు కనబడుతున్నదన్నాను. నిజంగా కూడా అంతే కనబడింది.

మొన్సెరాట్

మొన్సెరాట్‌లో జనం లేరు. పెనాలో నూరు మంది వీపులు చూసిన కండ్లకు అక్కడి పచ్చిక మైదానమే ఒక వైద్యం. ఆ గడ్డి మీద బెంచీ చూసుకుని సర్వపిండి డబ్బా తెరిచాము. రెండు రోజులైనా పల్లీలు, నువ్వులు, కరివేపాకు వాసన ఏమాత్రం తగ్గలేదు. గైడ్ ఒక ముక్క తీసుకుని ఎండకు ఎత్తి పట్టుకుని, మధ్యలో ఈ కంతలెందుకని అడిగింది. బగోనెకు అద్దిన పిండికి వేలితో కంతలు పెట్టి వాటిలో నూనె చుక్కలు వేస్తేనే లోపలి దాకా కరకరలాడుతుందని మా ఆవిడ గాలిలో వేలు గుచ్చి చూపించింది. కారం తగిలి గైడ్ ముక్కు ఎర్రబడింది. రెండో ముక్క మాత్రం అడిగి తీసుకుంది.

ఈ భవనాన్ని పందొమ్మిదో శతాబ్దం నడుమ ఫ్రాన్సిస్ కుక్ అనే ఇంగ్లీషు బట్టల వ్యాపారి కట్టించుకున్నాడు. బయట మూడు గుండ్రని బురుజులు, లోపల ఈ కొస నుంచి ఆ కొస దాకా గులాబి రంగు స్తంభాల వసారా, గోడల నిండా తీగల నగిషీ. కొంత మొగలాయి, కొంత మూర్, కొంత ఇటలీ. ఎందుకో ఇక్కడ ఆ కలగాపులగం కంటికి అడ్డు రాలేదు, మనిషి ఉండడానికి కట్టుకున్న ఇల్లులా ఉంది.

తోటలోకి దిగే బాటలో రాతి కమాను ఒకటి వచ్చింది. అల్లిక జాలీ, తామర మొగ్గలు, మన వైపు పనితనమే. 1857 తిరుగుబాటు తరువాత గవర్నర్ జనరల్ కానింగ్ నుంచి కుక్ దీన్ని కొన్నాడని గైడ్ చెప్పింది. చేత్తో తాకి చూశాను, చల్లగా ఉంది. పొద్దుటి నుంచి నేను చూసిన వాటిలో చేతికి అందిన మన రాయి ఇదొక్కటే. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలున్నాయి. వాటి మధ్యనున్న గుడి నేలమట్టమైనా తోరణాలు నిలబడ్డాయి. ఇక్కడ గుమ్మం ఒక్కటే వచ్చింది, అది ఏ ఇంటికి గుమ్మమో ఆ ఇల్లు రాలేదు. నేను ఫోటో తీసుకుంటుంటే ఒక ముసలి ఇంగ్లీషు జంట పక్కకు జరిగి, నా ఫోటో కూడా తీసి పెట్టమంటారా అని అడిగారు. తీయించుకున్నాను.

తీరం

కొండ దిగి కొలారెష్ ఊరి మీదుగా సముద్రం వైపు పోతుంటే ఇసుకలో పెంచిన ద్రాక్షతోటలు కనిపించాయి. పందిరి లేదు, తీగ నేల మీద పాకుతుంది. గాలి తగలకుండా ఎండు రెల్లు తడకలు కట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా ద్రాక్షలను వేరుపురుగు తుడిచిపెట్టినప్పుడు ఇసుకలో ఆ పురుగు బతకలేక ఈ తోటలు దక్కాయట.

కాబు ద రోకా ఐరోపా ఖండపు నేలకు పడమటి కొస. సముద్రం మీదికి దాదాపు 140 మీటర్ల ఎత్తున నిటారుగా తెగిన బండ, దాని మీద శిలువ ఉన్న ఒక రాతి స్తంభం. దాని మీద వాళ్ళ మహాకవి కామోయిష్ పంక్తి, అక్షాంశ రేఖాంశాలు చెక్కి ఉన్నాయి. కొసకు చేరామని పేరు రాసి ముద్ర వేసిన పత్రం కూడా అమ్ముతారు, పది యూరోల పైన పెట్టాలి. కొనలేదు. గాలి మనిషిని నిలబడనివ్వదు. మా ఆవిడ చీర కొంగు నడుముకు చుట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుని కంచె దాకా వచ్చింది. సముద్రం ఆమె అంతకుముందు ఒక్క విశాఖపట్నంలోనే చూసింది. అది ఒడ్డున నిలబడితే కాళ్ళ దాకా వచ్చి పలకరించే సముద్రం. ఇది కింద ఎక్కడో బండలను కొడుతూ, మన ఊసు లేకుండా తన పని తాను చేసుకుంటున్నది. "పాకాల చెరువు మత్తడి దుంకినట్టున్నది, కని ఆగుత లేదు" అని చాలాసేపు చూసింది. కంచె దాటి బండ అంచున కూర్చుని ఫోటోలు దిగుతున్న పిల్లలను చూసి గైడ్ గట్టిగా కేకలేసింది. ఆ పిల్లలు ఎవరో ఆమెకు తెలియదు. వాళ్ళు లేచి వచ్చేదాకా ఆమె మా వైపు తిరగలేదు.

కష్కైష్

ఈ పేరు రాసేది ఒక తీరు, పలికేది ఒక తీరు. చేపలు పట్టుకునే పల్లె, 1870లో రాజుగారు వేసవి విడిది చేసుకున్న నాటి నుంచి షావుకార్ల ఊరైంది. చీకటి పడుతుంటే రేవు పక్కన ఒక హోటల్‌లో కూర్చున్నాము. గైడ్ మాతో రాలేదు, యాత్రికుల బల్ల దగ్గర కూర్చోవడం తన పద్ధతి కాదని బండి దగ్గరే ఉండిపోయింది.

మేము ఏమీ చెప్పకముందే రొట్టె, ఆలివ్ కాయలు, చిన్న జున్ను బిళ్ళలు తెచ్చి పెట్టారు. అతిథి మర్యాద ఎంత బాగుందో అనుకుంటూ అన్నీ ఖాళీ చేశాను. ఉప్పునీళ్ళలో ఊరిన ఆలివ్ కాయలు మా ఆవిడకు ఉసిరికాయ ఊరగాయలా అనిపించి రెండో గిన్నె అడిగించింది. బిల్లులో వాటికి వేరుగా 14 యూరోలు వేశారు. బల్ల మీద పెట్టింది ముట్టుకుంటే లెక్కలో చేరుతుంది, వద్దంటే చిన్నబుచ్చుకోకుండా తీసుకుపోతారు, ఆ దేశమంతటా అదే రివాజు. "నీకు చెప్పుడు మరిచిన బాపూ" అన్నాడు అబ్బాయి, తాను కూడా సగం తిన్న తరువాత.

మంగళవారం కనుక మా ఆవిడకు ఆకుకూర, ఆలుగడ్డ సూప్ చెప్పాము. మాంసం లేదు కదా అని మూడుసార్లు అడిగితే, లేదు లేదు అని వడ్డించే కుర్రవాడు భరోసా ఇచ్చాడు. తెచ్చిన గిన్నెలో ఎర్రని పంది మాంసపు ముక్క ఒకటి తేలుతున్నది. అదేమిటంటే, "ఒక్కటే కదా, వాసన కోసం" అన్నాడు. అబద్ధమాడుతున్న మొహం కాదు అతనిది. వాళ్ళ లెక్కలో అది నిజంగానే మాంసం కాదు. ఆ గిన్నె అబ్బాయికి పోయింది, మా ఆవిడ రాత్రి భోజనం రొట్టె, ఆలివ్ కాయలు, మిగిలిన సర్వపిండి.

రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటి ముందు దిగాము. టికెట్లు, తిండి అన్నీ కలుపుకుంటే ఆ ఒక్క రోజు 500 యూరోలు దాటింది. దిగేటప్పుడు మా ఆవిడ మలీద ముద్దల డబ్బాను డబ్బాతోనే గైడ్ చేతిలో పెట్టింది. ఈసారి చెంపలు తానే ముందుగా ఆనించింది.

అక్టోబర్ 16, బుధవారం: బెలేం

లిస్బన్‌లోనే ఉన్న బెలేంలో జెరోనిముష్ మఠం చూశాము. కట్టించినది పెనా కొండ మీద మఠం కట్టించిన ఆ మనుయెలే. మిరియాలు, సుగంధ ద్రవ్యాల వ్యాపారం మీద నూటికి ఐదు చొప్పున వేసిన పన్నుతో లేచిన కట్టడం. లోపల వాస్కో డ గామా సమాధి. 1524లో కొచ్చిలో పోయిన మనిషిని తరువాత ఇక్కడికి తెచ్చుకున్నారు. నిన్నటి అలసట తీరకపోవడం వల్ల ఎక్కువసేపు ఉండలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మం పక్కన మా స్టీలు డబ్బా ఉంది. ఖాళీగా లేదు. సింట్రా కెయ్‌జాదాలు ఆరు, ఒక్కొక్కటి కాగితంలో చుట్టి ఉన్నాయి. పచ్చి జున్ను, పంచదార, దాల్చినచెక్క, గుడ్డు. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరాదని ఆమెకు ఎవరు చెప్పారని మా ఆవిడ అడిగితే, మేము చెప్పలేదన్నాము. ఆమె ఒకటి విప్పి వాసన చూసింది.

"ఇయ్యాల ఏ వారం?"

"బుధవారం."

"అయితే తింట" అని కుర్చీ లాక్కుంది.